డ్రైవరు సీట్లో ఇసుక మూటలు

మార్చి 3

బావగారికి,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీరెలా ఉన్నారని ఈసారి అడగను.

ఫోను చేద్దామని రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. ఫోనులో నాకు మాట రాదని మీకు తెలుసు. కోపంలో అసలే రాదు. అందుకని కాగితం పట్టుకున్నాను.

నాతో బస్సులో పనిచేసిన కండక్టరు నిన్న వచ్చాడు. వాళ్ళ కూతురు మీ వీధిలోనే కదా, చూడ్డానికి వెళ్ళాడట. మీ గుమ్మం ముందు ఎర్రబండి చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉందట. మీరు దాని కింద దుప్పటి పరుచుకుని పడుకున్నారట. స్ప్రింగులు నాలుగూ ఊడదీసి మెట్ల మీద వరసగా పెట్టారట. "ఏంటండీ టైలరుగారూ ఇది" అంటే, "బండిని కిందికి దించుతున్నా" అన్నారట. పైగా నవ్వారట.

ముందు ఒక మాట. బండిని ఇటుకల మీద నిలబెట్టి కింద దూరేవాడికి బుర్ర ఉండదు. ఇటుక చెప్పాపెట్టకుండా చిట్లుతుంది.

రెండో మాట. ఆ బండి నేను కొన్నప్పుడు ఒకాయన షెడ్డులో కోళ్ళు అందులో గుడ్లు పెడుతున్నాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కారని పేరే గానీ చక్రం తిరిగేది కాదు. ఆదివారాలన్నీ దానికే పోశాను. కళ్ళు మసకబారి లైసెన్సు వదులుకున్నప్పుడు మీకిచ్చాను. ఎందుకిచ్చాను? చెల్లెల్ని ఆస్పత్రికీ బజారుకీ తిప్పుతారని. కోసుకోమని ఇవ్వలేదు.

ఆమెకి పోయినేడు మోకాలు మార్చారు. మర్చిపోయారా? అసలే అది పొట్టి బండి. ఇంకా దించితే ఆమె అందులోకి ఎలా దిగుతుంది? దిగింది సరే, ఎలా లేస్తుంది? క్రేను పెడతారా?

స్ప్రింగులు ఎక్కడివక్కడ పెట్టేయండి. పెట్టాక ఒక ముక్క రాయండి.

మీ బావ


మార్చి 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మీ చెల్లెలు పైకి చదివింది. క్రేను దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక కాగితం నా చేతికిచ్చింది. మిగతాది నేను చదువుకున్నాను. నాకు నవ్వు రాలేదు.

ఇటుకల సంగతి మీరన్నది ఒప్పుకుంటాను. ఇప్పుడు ఇనప స్టాండ్లు తెచ్చాను. పక్క వీధి వెల్డింగు అతను ఊరికే ఇచ్చాడు. వాళ్ళమ్మాయి చొక్కాలన్నీ నేనే కుడతాను.

ఇక దించడం. మీరు ఆ బండిని ఎప్పుడూ గట్టిగా మలుపు తిప్పలేదు కాబట్టి మీకు తెలియదు. స్టీరింగు కొంచెం వేగంగా తిప్పితే మొత్తం పడవలా ఒరుగుతుంది. లోపలున్నవాళ్ళు తలుపుకి అతుక్కుపోతారు. స్ప్రింగులు పొట్టివైతే బరువు నేలకి దగ్గరవుతుంది, ఒరగడం తగ్గుతుంది. బజార్లో కొత్త సెట్టు అడిగాను. వాడు చెప్పిన ధర విని, నేనడిగింది స్ప్రింగులే, బండి కాదు అన్నాను. అందుకని ఉన్నవే పొట్టి చేయించాను. ప్యాంటు పొడవైతే మడిచి కుడతాం గానీ కొత్తది కొంటామా? నాలుగింటికీ సమానంగా చుట్టున్నర తీయించాను. వెల్డింగు అతను గ్యాసు మంటతో వెన్న కోసినట్టు కోసేశాడు.

ఎందుకు ఇదంతా అంటారు. వచ్చే నెల నాలుగో ఆదివారం కొండ రోడ్డు మీద పాత బండ్ల పరుగు పెడుతున్నారు. బండికి ఇద్దరు. ఒకరు నడపాలి, పక్కనున్నవాళ్ళు ముందొచ్చే మలుపులు చెప్పాలి. మా ఇంటి తరఫున పేరిచ్చాం.

బండి ఇంకా మీ పేరు మీదే ఉందని గుర్తుచేయడానికే రాశారా? అదే అయితే సూటిగా చెప్పండి. ఇరవై ఏళ్ళుగా మీ ఇంటి కోట్లు కుట్టాను. ఒక్క కోటూ నాదని అనలేదు.

మీ బావ


మార్చి 14

బావగారికి,

బండి ఎవరి పేరు మీదుందో నేను ఒక్క ముక్క రాయలేదు. లేని మాట నా నోట్లో పెట్టకండి.

గ్యాసు మంటా! ఎవరైనా స్ప్రింగుని మంటతో కోస్తారా? నేను డ్రైవర్నే గానీ మెకానిక్కుని కాదు. నాకే అది తప్పని తెలుసు. కింద తాళాలు చేసే షాపు అతనికి చెప్తే అతనూ నెత్తి కొట్టుకున్నాడు. నిప్పు తగిలినచోట ఉక్కులో పట్టు పోతుంది బావా. ఇవాళ నిలబడినట్టే ఉంటుంది. వారం తిరక్కముందే కూలబడుతుంది.

నాలుగూ సమానంగా తీయించారా? ప్యాంటుకి రెండు కాళ్ళూ ఒకటే. బండికి ముందు ఇంజనుంది, వెనక గాలి ఉంది. ఆ మాత్రం చూసుకోరా?

ఇక పరుగు. మీకు అరవై తొమ్మిది నిండాయి. కుట్టుమిషను తప్ప మరేదీ వేగంగా నడిపిన మనిషి కారు. ఆ కొండ రోడ్డు గురించి మీకేం తెలుసు? నేను దాని మీద ఇరవై రెండేళ్ళు బస్సు తోలాను. పాలబూత్ దాటాక మొదటి మలుపు చూడ్డానికి సాదాగా ఉంటుంది, మధ్యలో బిగుసుకుంటుంది. జంటరాళ్ళ మలుపులో ఎండాకాలం కూడా నీరు కారుతుంది. దానిమీద గొడుగు మలుపు. అక్కడ గోడ లేదు. ఉన్నదాన్ని మా డిపో బస్సే పడగొట్టింది. నేను కాదు.

పక్క సీట్లో ఎవరిని పెట్టుకుంటున్నారు? నా చెల్లెల్నేనా? ఆ సీట్లో ఆమె కూర్చోవడానికి వీల్లేదు. ఇది చెప్పడానికి నాకు హక్కుంది.

మీ బావ


మార్చి 21

బావగారికి,

కుట్టుమిషను అన్నారు. చాలా సంతోషం. ఆ కుట్టుమిషనే మీ చెల్లెలికి ఇల్లు కట్టింది.

మీరు ఆ బండి నడిపేటప్పుడు పక్కన నేనూ కూర్చున్నాను. నలభై దాటేవారు కాదు. ఒకసారి సైకిలు మీద కొబ్బరి చీపుళ్ళు అమ్మేవాడు మనల్ని దాటిపోయి, పాపం ఏమైందోనని వెనక్కి తిరిగి చూశాడు. మీకు గుర్తుండదు. మీరు రోడ్డు తప్ప మరేదీ చూడరు. స్పోర్ట్స్ కారులో కూర్చుని ప్రతి స్టాపు దగ్గరా స్లో చేసేవారు. ఎవరెక్కుతారని?

మీరు రాసినవాటిలో రెండు నిజమయ్యాయి. దాచను. స్ప్రింగులు కూలబడ్డాయి. బండి ముక్కు నేలని వాసన చూస్తోంది, వెనకభాగం ఆకాశంలో ఉంది. వీధిలో పిల్లలు దానికి చీమ అని పేరు పెట్టారు. మొన్న తుక్కు షాపుకి వెళ్ళి ఒక చిన్న వ్యాను స్ప్రింగులు తెచ్చాను. చుట్టుకొలత టేపుతో చూసుకునే తెచ్చాను. ఉక్కు కొంచెం లావు. ఈసారి మంట లేదు. హ్యాక్సా బ్లేడుతో నేనే కోస్తున్నాను, తడిగుడ్డ చుట్టుకుని, కొంచెం కొంచెంగా. ముందువి వేరు, వెనకవి వేరు. పాత షాకబ్జార్బర్లు ఈ గట్టి స్ప్రింగుల్ని ఆపలేవని వెల్డింగు అతను అన్నాడు. అవి కూడా ఆ వ్యానువే పీకించుకొచ్చాను.

పక్క సీటు సంగతి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. మీ చెల్లెలు పక్క సీట్లో కూర్చోదు. ఇది నా మాట.

హక్కు అన్నారు. పెళ్ళయి నలభై మూడేళ్ళయింది. నాకూ ఏదో కొంచెం ఉండే ఉంటుంది.

బావ


మార్చి 27

టైలరుకి,

ఈ ఉత్తరానికి బావ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

కండక్టరు మళ్ళీ వచ్చాడు. పోయిన బుధవారం ఏం చూశాడో చెప్పాడు. మార్కెట్టు దగ్గర స్పీడ్ బ్రేకరు మీద ఎర్రబండి పొట్ట ఆనుకుని ఆగిపోయి ఉంది. కింద ఆయిల్ చాంబరు పగిలి రోడ్డంతా నల్లగా మడుగు. చుట్టూ జనం. నువ్వు లేవు. నా చెల్లెలు చెప్పులు చేత్తో పట్టుకుని, చీర నిండా ఆయిలు మరకలతో, కుంటుకుంటూ ఇంటివైపు నడిచిపోతోంది. ఎండలో. మార్పించిన మోకాలితో. వాడు పిలిచినా ఆగలేదట.

నువ్వు ఎక్కడున్నావు? బండిని పగలగొట్టి, ఆడమనిషిని నడిపించి, ఏ చెట్టు నీడన నిలబడ్డావు? మాటిస్తున్నా, పక్క సీట్లో కూర్చోదు అని రాశావు. ఆ ఉత్తరం ఎవరి కోసం రాశావు?

ఆమె నాకు ఒక్క ముక్క రాయదు. నువ్వు రాయనివ్వవు.

ఏప్రిల్ పదో తారీఖు సోమవారం. లారీ మాట్లాడాను. వచ్చి బండిని ఎక్కించుకుపోతాను. ఆమె వస్తానంటే ఆమెనీ తీసుకుపోతాను. నా గదిలో రెండు మంచాలు పడతాయి. కొలిచాను.


ఏప్రిల్ 1

బావగారికి,

నలభై మూడేళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అన్నారు. చదువుకున్నాను. మడిచి మిషను సొరుగులో పెట్టాను.

బుధవారం నేను ఆ బండిలో లేను. ఇంట్లో ఒకాయన కోటుకి లైనింగు వేస్తున్నాను. ఇంతకంటే చెప్పకూడదని ఒకరికి మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకుంటూ మీచేత తిట్లు తింటున్నాను. చాలా?

లారీ పంపుతానన్నారు. పంపండి. బండి ఇస్తాను. కానీ ఎలాంటి బండిని తీసుకెళ్తున్నారో తెలుసుకుని తీసుకెళ్ళండి.

చాంబరు అతికించాం. తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది. తప్పు నాదే. కొలతలో. బట్ట కోసేటప్పుడు ఎన్నడూ చేయని తప్పు బండికి చేశాను. మనిషి ఒంటి మీద వేసి చూడకుండా అంచు కోస్తామా? ఖాళీ బండి ఎత్తు చూసి కోశాను. మనిషి కూర్చుంటే ఎంత దిగుతుందో చూడలేదు.

ఇప్పుడు మనిషి ఉన్నట్టే కొలుస్తున్నాను. డ్రైవరు సీట్లో ఇసుక మూటలు వేశాను, యాభై ఒక్క కిలోలు. నిండా పెట్రోలు పోశాను. అప్పుడు చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా టేపు పట్టి, సుద్దతో గుర్తు పెట్టాను. నాలుగు మూలలా. మొదట ఉన్న ఎత్తు మీద రెండు వేళ్ళు దిగింది, అంతే. స్పీడ్ బ్రేకరు మీద పొట్ట తగలడం లేదు. నెట్టుకుంటూ తీసుకెళ్ళి చూశాం. పిల్లలు చీమ అనడం మానేశారు.

మీరు మాత్రం నన్ను ఏదో ఒకటి అంటూనే ఉన్నారు.

బావ


ఏప్రిల్ 6

బావగారికి,

మళ్ళీ మీరు అంటున్నాను. క్షమాపణ కాదు. ఇన్నేళ్ళ అలవాటు, పోదు.

మీరు బండిలో లేరు. సరే, నమ్మాను. అంటే బండిని పరాయివాడికిచ్చారు. ఎవరు, ఆ వెల్డింగు వాడేనా? స్ప్రింగుల్ని నిప్పుతో కోసిన చేతికే స్టీరింగు కూడా ఇచ్చారా? వాడు నడుపుతుంటే ఆమె పక్కన కూర్చుందా? పగలగొట్టి వాడు పారిపోయాడా? వాడి పేరు బయటపెట్టనని వాడికి మాటిచ్చారా? ఇంత పెద్దమనిషి ఎప్పుడయ్యారు మీరు?

పైగా నాకు కొలతలు నేర్పుతున్నారు. యాభై ఒక్క కిలోల మూటలు వేశారట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మిమ్మల్ని నేను చూడలేదా? తొంభై ఆరు కిలోలుంటారు. ఆస్పత్రిలో మీ తూకం వేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ముల్లు ఆగిన చోటు చూసి నర్సు మీ మొహం చూసింది. మీరు నడిపే బండికి యాభై ఒక్క కిలోలు పెట్టి కొలిస్తే ఏం లాభం? మీరు కూర్చున్న రోజు మళ్ళీ పొట్ట ఆనుతుంది. ఆ వెల్డింగు వాడైనా ఎనభైకి తగ్గడు, భుజాలే అంతుంటాయి. కొలత నేర్చుకున్నానన్నారు కదా. ఎవరి కొలత అది? యాభై ఒక్క కిలోలు తూగే మనిషి మీ ఇంట్లో ఎవరున్నారు?

ఇక్కడ ఉత్తరం ఆపి టీ పెట్టుకున్నాను. టీ పొంగిపోయింది. స్టవ్వు తుడిచి వచ్చి మళ్ళీ రాస్తున్నాను.

ఆమేనా?

ఆస్పత్రిలో ఆమె తూకం కూడా వేశారు.

లారీ సోమవారం వస్తుంది. మీరు నాకేమీ రాయకండి. ఆమెని రాయమనండి.

బావ


ఏప్రిల్ 8

బావగారికి,

ఇక నేను మాట తప్పినట్టు కాదు. మీరే కనుక్కున్నారు. కలం ఆమెకిస్తున్నాను. కింద ఉన్నది ఆమె రాతే. మీకు సోమవారానికి ముందే అందాలని కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. ఎలాగూ మా ఇంటి వార్తలన్నీ మోస్తున్నాడు కదా.

బావ

అన్నయ్యా,

ఆమేనా అని మీ బావని ఎందుకు అడుగుతావు? నన్నే అడగొచ్చు కదా.

అవును, నేనే. బుధవారం నడిపింది నేనే. స్పీడ్ బ్రేకరు చూసుకోకుండా ఎక్కించింది నేనే. చాంబరు పగలగొట్టింది నేనే. కుంటింది మోకాలు వల్ల కాదు, చెప్పు తెగి. కండక్టరు పిలిస్తే ఎందుకు ఆగలేదంటే, ఆగితే నీకు చెప్తాడని. ఆగకపోయినా చెప్పాడు. ఆయన నోటికి టిక్కెట్టు అక్కర్లేదు.

బండి దించమన్నదీ నేనే. మీ బావ వద్దన్నాడు. నెల రోజులు వద్దన్నాడు. ఆయన నీ దగ్గర తిన్న తిట్లు చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను రాయనివ్వడు అన్నావట. నన్ను ఎవరు ఆపగలరు? మీ ఇద్దరూ కలిసినా ఆపలేరు.

నీకెందుకు చెప్పలేదో విను. నీ పక్కన ఆ బండిలో ఎన్నేళ్ళు కూర్చున్నాను? ముందు బస్సు పోయినా, లారీ పోయినా, ఎద్దుబండి పోయినా వెనకే. ఆ ఇంజను లోపల గొంతు నొక్కుకుని ఏడ్చేది. నాకు వినపడేది, నీకు వినపడేది కాదు. నేను డ్రైవింగు నేర్చుకుని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపాను. ఇంటి నుంచి మార్కెట్టు దాకా. నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడినా బాగుండేది. కాలితో నేల తొక్కుతూనే ఉన్నావు. అక్కడ బ్రేకు లేదు అన్నయ్యా. అయినా తొక్కావు. మార్కెట్టు దగ్గర దిగి, "నువ్వు నడపకు" అని నడుచుకుంటూ వెళ్ళిపోయావు. నీ వైపు నేల రేకు సొట్టపడింది. ఇవాళ్టికీ వానొస్తే ఆ సొట్టలో నీళ్ళు నిలుస్తాయి.

నీకు తెలిస్తే బండి తీసుకుపోతావని మీ బావ చేత ఒట్టు వేయించుకున్నాను. చూడు, లారీ మాట్లాడావు. నేను అనుకున్నది తప్పా?

నా మోకాలు గురించి ఊరందరికీ బెంగే. ఎత్తు బండ్లకి కాలు ఎత్తి ఎక్కాలి. దీనికి ఎక్కడం లేదు. వెనక్కి తిరిగి సీట్లో కూర్చుని, తరవాత కాళ్ళు రెండూ లోపల పెట్టుకుంటాను. లేవడానికి తలుపు పైన మీ బావ గట్టి నవారుతో పట్టుకునే పట్టీ కుట్టాడు. నాలుగు వరసల కుట్టు. దాన్ని పట్టుకుని లేస్తాను. క్రేను అక్కర్లేదు.

బండి ఇప్పుడు ఎలా ఉందో తెలుసా? మలుపులో స్టీరింగు తిప్పితే చెప్పిన మాట వింటుంది. ఇంతకుముందు ఆలోచించుకుని వినేది.

అయినా ఇదంతా ఎందుకులే. పరుగు ఇరవై మూడున. పక్క సీటుకి మనిషి లేరు. మీ బావ కూర్చుంటే ఆ పక్కంతా కుంగి టైరు రేకుకి రాసుకుంటోంది. లాండ్రీ ఆవిడ వస్తానంది. మొన్న ఒక చిన్న గుట్ట ఎక్కి దిగేసరికి పాపం వాంతి చేసుకుంది. వెల్డింగు అతను మీ బావ కంటే బరువు. రెండో మనిషి లేకపోతే పరుగు గీత దగ్గరికే రానివ్వరు. మనిషి దొరికితే వెళ్తాను, లేకపోతే లేదు. నోటితో మలుపులు చెప్పే మనిషి కావాలి. కాలితో తొక్కే మనిషి కాదు.

సోమవారం లారీ పంపితే పంపు. తాళాలు నా దగ్గరున్నాయి. నేను ఆ సీట్లో కూర్చుని ఉంటాను. నాతో సహా ఎక్కించుకో.

చెల్లెలు


ఏప్రిల్ 9

బావగారికి, చెల్లెలికి,

ఇద్దరికీ కలిపి ఒకటే రాస్తున్నాను. మళ్ళీ మళ్ళీ రాసే ఓపిక లేదు. కండక్టరు కింద షాపులో కూర్చున్నాడు. రాయగానే పట్టుకుపోతాడట. ఉత్తరంలో ఏముందని మూడుసార్లు అడిగాడు.

లారీ వద్దని చెప్పేశాను. లారీ వాడు తిట్టాడు. పడ్డాను. మిమ్మల్ని తిట్టినన్ని తిట్లు వాడు తిట్టలేదు.

నాకు కోపం తగ్గిందనుకోకండి. బావా, మీమీద ఎందుకంటే, ఆమె ఒట్టు వేయమంటే వేశారు. నేను ఇంకో రెండు తిట్లు ఎక్కువ తిట్టుంటే అప్పుడైనా చెప్పేవారేమో. చెల్లాయ్, నీమీద ఎందుకంటే, ఆ ఇంజను ఏడవడం నాకూ వినపడేది. వినపడనట్టు నడిపాను. వినపడేది కాదని నువ్వెలా రాస్తావు?

స్ప్రింగులు సరిగా కుదిరాయి కాబట్టి ఇప్పుడు ఇవి చూసుకోండి. దించాక చక్రాల మొహాలు మారిపోతాయి. ముందు చక్రాలు రెండూ ఒకదాన్నొకటి చూస్తున్నాయో, దూరం జరిగాయో దారం కట్టి చూడండి. అటూ ఇటూ నాలుగు మేకుల మీద దారం బిగించి, చక్రం ముందు అంచుకీ వెనక అంచుకీ టేపు పెట్టండి. టేపు పట్టడం మీకు ఒకరు నేర్పక్కర్లేదు. అది చూడకపోతే టైర్లు లోపలివైపు నెలలో అరిగిపోతాయి. కడ్డీల చివర రబ్బరు బుష్‌లు నేను వేసినవే ఉంటే పీకి పారేయండి, బిస్కెట్టులా విరుగుతాయి. ఇంకా చేతిలో డబ్బేమైనా మిగిలితే అద్దాలకీ రంగుకీ పెట్టకండి, టైర్లకి పెట్టండి. ఉన్నవి రాయిలా గట్టిపడ్డాయి. ఎంత దించినా రోడ్డుని పట్టుకునేది టైరే.

మూటలు ఇప్పుడు ఒక్క సీట్లోనే వేసి కొలిచారు కదా. చాలదు. సుద్ద గుర్తులు చెరిపేసి మళ్ళీ కొలవండి. పక్క సీట్లో కూడా ఇసుక వేయండి. యాభై ఎనిమిది కిలోలు. పొద్దున మందుల షాపులో తూగాను. చెప్పులు విప్పి తూగాను కాబట్టి ఇంకో గుప్పెడు ఇసుక వేసుకోండి. ఆ రోజు చెప్పులతోనే వస్తాను.

కళ్ళు కనపడవు కదా, మలుపులెలా చెప్తావు అంటారు. ఆ రోడ్డుకి నాకు కళ్ళు అక్కర్లేదు. పాలబూత్ దగ్గర నీళ్ళ పంపు చప్పుడు వినపడుతుంది, అక్కడి నుంచి ఒకటి రెండు మూడు అనేలోపు మలుపు. మధ్యలో బిగుసుకుంటుంది, ముందే తిప్పి పెట్టుకోవాలి. జంటరాళ్ళ దగ్గర చల్లగాలి మొహానికి కొడుతుంది, అంటే తడి ఉందని. గొడుగు మలుపులో బయటివైపు చూడకూడదు, లోపలి రాళ్ళనే చూడాలి. బయటికి చూస్తే బండి అటే పోతుంది. ఇదంతా ఇన్నాళ్ళూ నా ఒక్కడి దగ్గరే ఉంది. ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

ఇరవై ఒకటో తారీఖు బస్సుకి వస్తున్నాను. స్టాండుకి ఎవరూ రావద్దు. నడిచి వస్తాను. నాతో ఎవరూ ఎక్కువ మాట్లాడొద్దు, ఇంకా కోపంగానే ఉన్నాను.

ఇంకొక్కటి. నోటితోనే చెప్తాను. ఒప్పుకున్నాను. కానీ కాలు నా మాట వినదు, నలభై ఏళ్ళ అలవాటు. వెల్డింగు అతనికి చెప్పి, నా వైపు నేలకి ఇంకో రేకు అతికించండి. మందంగా.

అన్నయ్య